‘లోన్లీ నో మోర్’ : శంకాప్రధానమైన యొక గేయము

శృంగారమునకు రతి స్థాయి. శంక 33 వ్యభిచారి భావములలో నొకటి. తరంగమువలె లేచి స్థాయియందే లీనము కావలసినది. అట్టి వ్యభిచారి తానే ప్రధానమై వ్యంగ్యమగుచోట దానిని భావధ్వని యని ఆలంకారికులు వ్యవహరించిరి. దీనికి మన కావ్యములనుండి లక్ష్యములు చూపుట పరిపాటి. నేనొక అమెరికా గేయమును గ్రహించుచున్నాను. జనరంజకమైన పాటకింత లక్షణచర్చ యేల యని అడుగువారుండవచ్చును. క్షేత్రయ్య పదములును ఒకనాడు జనరంజకములే గదా!

రాబ్ థామస్ ‘మాచ్‌బాక్స్ ట్వెంటీ’ యను వాద్యబృందమునకు ప్రధాన గాయకుడు. ఆ బృందపు తొలి సంపుటి 1996లో వెలువడినది. 1999లో కార్లోస్ సాంటానాతో కూడి అతడు పాడిన ‘స్మూత్’ అమెరికాలో 12 వారములు ప్రథమస్థానమున నిలిచినది. 2005లో అతడు తన పేరుమీద తొలి సంపుటిని వెలువరించెను. దానికి ముందుగా వచ్చిన గేయమే ‘లోన్లీ నో మోర్’. బిల్‌బోర్డ్ వారి పట్టికలో నిది 6వ స్థానమువరకు పోయినది. అతడు బృందమును శాశ్వతముగా విడిచినవాడు కాడు. 2007లో మరల దానితో పాడినాడు. ఐనను, సహచరులు లేక నిలిచిన గాయకుడు మొదట పలికినది ‘ఇక నాకు ఒంటరితనము వలదు’ అను అర్థమే యగుట శ్రోతకు ధ్వనింపక మానదు.

గేయమునందలి వక్త పురుషుడు. ప్రియురాలి మాటలు మధురములే. కాని మాటలయందే అతనికి నమ్మకము లేదు. నిదర్శనము కావలయును, ప్రమాణము కావలయును. పల్లవి యంతయు వ్యతిరేక క్రియలమీద నడచుచున్నది. తనకేది వలదో అతడు గుక్కతిప్పుకొనక చెప్పును. ఏమి కావలయునో చెప్పలేడు. ప్రేమను గూర్చి చెప్పునపుడు వెల చెల్లించుట, పట్టికలో మరియొక దుఃఖము చేరుట యను లెక్కల భాషయే అతని నోట వచ్చును. ద్వారమును గమనింపుడు. మన పదములలో తరచుగా లోపలనుండునది నాయిక, గుమ్మమున నిలుచువాడు నాయకుడు. ఇచట లోపలనుండి శంకించువాడు పురుషుడు. మరియు, పదమునందు నాయిక మొర వినుటకు సఖి యుండును. ఈతనికి సఖుడు లేడు. ఎవరిని శంకించుచున్నాడో ఆమెతోనే చెప్పుకొనవలసినవాడయ్యెను.

రాబోవు అనర్థమునూహించుట శంక యనియు, పరుల క్రౌర్యము, స్వదోషము మొదలగునవి దానికి కారణములనియు విశ్వనాథుడు చెప్పెను. ఈ గేయమున ఆమె క్రౌర్యము కనబడదు. తన దోషమును అతడు చెప్పుకొనడు. హృదయమింకను మానని గాయముతో నున్నదని మాత్రము చెప్పును. ఆ గాయము వెనుకటి ప్రేమ చేసినదే కావలయును. విశ్వనాథుడు ‘మొదలగునవి’ యని విడిచిన చోట ఈ మూడవ కారణము చేరును. కాని యిందొక అన్యాయమున్నది. ఎవరో చేసిన తప్పునకు ఈమె ప్రమాణము చేయవలసివచ్చినది. గేయము దీనిని ఎరిగినట్లు తోచదు. ఎరుగకపోవుటయే వక్తకు సహజమని నేను తలచెదను. భయపడినవాడు న్యాయము తూచడు.

ఇక లయ. ఇంతటి శంకను నృత్యయోగ్యమైన ద్రుతగతిలో కూర్చుట అనౌచిత్యమని ఆక్షేపింపవచ్చును. పదము విలంబకాలమున నడచుటచేత సంచారిభావములు ఒక్కొక్కటిగా విప్పుకొనుటకు అవకాశముండును. ఇచట అది లేదు. ఐనను నేనీ ఆక్షేపణ నంగీకరింపను. ఈ వేగము ఉల్లాసమునకు చెందినది కాదు. ఎదుటివారికి బదులు పలుకు వ్యవధి యిచ్చినచో ఏమి వినవలసివచ్చునో యని భయపడువాని వేగమిది. ఆమె ఒక్కమాటయు పలుకదు.

నిజమైన లోపము వేరొకటి. పాట నడుమ వక్త వ్యతిరేకములను విడిచి చేదర్థకములలోనికి దిగును: నేను నీయెడ మంచివాడనైనచో, నీవు నాయెడ అట్లేయైనచో అను ధోరణిలో ఊహలు వరుసగా సాగును. ‘వలదు’ అనువాడు మొదటిసారి ‘ఐనచో’ అనుచున్నాడు. శంకవెనుక దాగిన రతి కనబడునది అచటనే. ఆ భాగము మిక్కిలి హ్రస్వము. అది ముగియకమున్నే పల్లవి తిరిగివచ్చి దానిని కప్పివేయును. ఆపై చివరివరకు వినబడునది పల్లవియే.