చప్పుడు లేని పని

డాక్యుమెంటరీ తీయబోయే పిల్లలు మొదట అడిగేది కెమెరా గురించే. ఏ లెన్స్, ఫోర్‌కేనా కాదా, డ్రోన్ దొరుకుతుందా అని. మైక్ సంగతి ఎవరికీ పట్టదు. మా విద్యార్థులు పోచంపల్లి నేత మీద పది నిమిషాల సినిమా తీసేసరికి ఆ వరస తారుమారైంది.

గుంట మగ్గం ఉన్న గదిలో ఇంటర్వ్యూ అంటే తేలిక కాదు. నాడె ఇటు నుంచి అటు దూకిన ప్రతిసారీ మాట మునిగిపోతుంది. సరేనని మగ్గం ఆపించారు. పెద్దాయన చేతులు ఒళ్లో పెట్టుకుని, "ఏం జెప్పాలె బిడ్డా?" అన్నాడు. ఆ తర్వాత చెప్పిందంతా సన్మానసభలో మాట్లాడినట్టే ఉంది. పనిలో ఉండగా అడిగితే మాట ధారగా వచ్చింది గానీ, కత్తెరకు లొంగలేదు. వెనక మగ్గానికి ఒక లయ ఉంది. మధ్యలో ఒక్క వాక్యం తీసేసినా అది గతుక్కుమంటుంది. బొమ్మలో అతుకైతే మరో షాట్ వేసి కప్పేయొచ్చు.

పోగు తెగినప్పుడల్లా ఆయన ఆగి, వంగి, రెండు కొసలూ వేళ్ల మధ్య మెలేసి అతుకుతాడు. చేతికి పని ఉంటుంది, గదిలో సద్దు ఉండదు. సౌండ్ చూస్తున్న అమ్మాయి అది కనిపెట్టి, ప్రశ్నలన్నీ ఆ కాస్త వ్యవధికి దాచుకుంది. కాలర్‌కు చిన్న మైక్ పెట్టడం, మగ్గం చప్పుడు విడిగా తీసుకోవడం, ఖాళీ గది శబ్దం ఓ నిమిషం పట్టడం క్లాసులో విన్నవే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ కింద షటర్ 1/50 పెట్టమనీ చెప్పాం. అది మాత్రం బొమ్మ మినుకుమినుకుమన్నాకే ఒంటబట్టింది.

పెద్ద చిక్కు ఎడిటింగ్ దగ్గర బయటపడింది. ఫుటేజీ అంతా మగ్గమే. అదే ఇంటి వరండాలో ఆయన భార్య చేత్తో ఆసు పోస్తోంది, అంటే నేతకు ముందు దారాన్ని కొయ్యల చుట్టూ తిప్పుతోంది. ఒక్క చీరకు చేయి వేలసార్లు ఆడాలి, భుజం పడిపోయే పని. తల్లి పడే ఆ నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. ఆయన కథతో 2019లో 'మల్లేశం' సినిమా వచ్చింది. అది చూసిన పిల్లలే ఆమెవైపు కెమెరా సరిగా తిప్పలేదు. నాకు తోచిన కారణం ఒకటే, ఆసుకు చప్పుడు లేదు. పక్కన మగ్గం మోగుతుంటే కెమెరా తనంతట తానే అటు తిరుగుతుంది.

మళ్లీ వెళ్లి తీశారు. ఈసారి మైక్‌తో తిప్పలేవీ లేవు, ఆమె పని ఆపకుండానే మాట్లాడింది. ఇప్పుడు సినిమా ఆమె గొంతుతోనే మొదలవుతుంది. పెద్దాయన ఇంటర్వ్యూ సగం ఎగిరిపోయిందని దర్శకుడు కుర్రాడు ఇంకా సణుగుతూనే ఉన్నాడు.