చేతికి తగిన మౌసు: ఒక పరిశీలన

కంప్యూటరు ముందు కూర్చున్నవారు మౌసును పట్టుకొనుట ఒక పని అని ఎన్నడును తలపరు. అరచేయి దానిపై వాలును. బొటనవ్రేలు ఒక ప్రక్క, చిటికెనవ్రేలు మరొక ప్రక్క ఒత్తిపట్టును. చూపుడువ్రేలు మీటను నొక్కును. నొక్కునపుడు మౌసు కదలరాదు, కదపునపుడు మీట పడరాదు. వ్రేళ్లు ముడుచుకొనిపోయినవారికి, చేయి వణకువారికి, పక్షవాతమున ఒక ప్రక్క చచ్చుబడినవారికి వీనిలో ఏ ఒక్కటి కుదరకున్నను తక్కినవన్నియు వ్యర్థమే. 1964లో అమెరికాలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహింపగా బిల్ ఇంగ్లిష్ చెక్కపెట్టెలో అమర్చిన మొదటి మౌసుకు ఒకే మీట ఉండెడిది. తరువాత మీటలు పెరిగినవి, చక్రము వచ్చినది, తీగ పోయినది. ఆరోగ్యవంతమైన నిండు అరచేయి ఒకటి దానిని పట్టుకొనునన్న భావన మాత్రము మారలేదు.

2022లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన అడాప్టివ్ మౌస్ అను సాధనము ఈ భావనను ప్రశ్నించినది. దీని ముఖ్యభాగము రెండు మీటలు, ఒక చక్రము గల చిన్న చదరపు బిళ్ల. దీనిని ఒంటిగానైనను వాడవచ్చును. వెనుక ఒక తోకను తగిలించినచో అరచేతికి ఆనిక దొరకును. బొటనవ్రేలి ఆనికను కుడికో ఎడమకో మార్చుకొనవచ్చును గనుక ఎడమచేతివారికి వేరొక మౌసు అక్కరలేదు. సంస్థ ఇచ్చిన తోక నప్పనిచో త్రిమితీయ ముద్రణముతో చేతికి సరిపడు మరొక తోకను చేయించుకొనవచ్చును. కమ్మరి కొడవలిని ఒక్కతీరుగనే సాగగొట్టును. పిడిని మాత్రము పట్టువాని చేతినిబట్టి చెక్కుదురు. పల్లెలో ఎప్పటినుండియో ఉన్న ఈ పద్ధతి కంప్యూటరు పరిశ్రమకు ఇంత ఆలస్యముగా తోచుట వింతయే. విద్యుత్పరికరమును దాని ఆకారమునుండి విడదీయుటయే ఈ సాధనమునందలి గొప్ప గుణము.

అయితే ఆ తోకల ముద్రణమునకు సంస్థ ఆశ్రయించిన షేప్‌వేస్ కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రకటించినది. పిదప పూర్వపు నిర్వాహకులే దానిని పునరుద్ధరించినను, ఒకరి చేతికి తగిన పిడి ఎక్కడనో ఒక వ్యాపారము నిలుచుటపై ఆధారపడుట మంచి ఏర్పాటు కాదు. ముద్రణయంత్రమున్న ఏ కళాశాలలోనైనను చేసికొనదగినట్లు తోకల కొలతలు దొరకుట ముఖ్యము.

ఇక అసలు చిక్కు అమరికలో ఉన్నది. తీగ లేని మౌసు కంప్యూటరును తనంతట తాను గుర్తింపదు. మౌసును వెల్లకిల త్రిప్పి, అడుగుననున్న చిన్న మీటను కొన్ని క్షణములు అదిమి పట్టి, తెరపై కనబడిన పేర్లలో దాని పేరును ఎన్నుకొనవలెను. పేరును ఎన్నుకొనుటకు మౌసు కావలెను. మౌసు పనిచేయుటకు పేరును ఎన్నుకొనవలెను! కీబోర్డుతో గట్టెక్కవచ్చును గాని, చిన్న మీటను అదిమి పట్టగల వ్రేళ్లే ఉన్నవారికి ఈ మౌసు అవసరము తక్కువ. కావున మొదటి దినమున మరియొకరు రావలసినదే. వచ్చినవారు తమ చేతికి బాగున్నట్లు సరిచేసి వెళ్లిపోవుదురు. వారమునకు ఆ సంబంధము తెగినచో వాడుకరి మరల ఎదురుచూడవలెను. ఎవరిపైనను ఆధారపడకుండుటకై కొన్న వస్తువు మొదటి మెట్టుననే సహాయకుని కోరుట చిన్న లోపము కాదు.

ఆ సహాయకుడు కూడ తరచుగా తప్పు చేయు స్థలము ఒకటి కలదు. అది తెరపై బాణపు గుర్తు వేగము. గుఱిని చేరుటకు పట్టు కాలమును గూర్చి పాల్ ఫిట్స్ అను అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1954లో ఒక సూత్రమును ప్రకటించెను. గుఱి దూరము రెట్టింపైనను, దాని వెడల్పు సగమైనను, కాలము ఒకే మేరకు పెరుగును. బావిలో రాయి వేయుటకును సూదిలో దారమెక్కించుటకును గల తేడాయే ఇది. తెరపై గుర్తులను పెద్దవి చేయుట అందరికిని మేలు. ఇందు వివాదము లేదు. వేగము విషయము అట్లు కాదు. వణకు చేతికి వేగము తగ్గింపవలెను. అపుడు చేతి అదురు తెరపై చిన్నదగును. కండరములు క్షీణించి వ్రేలిని అంగుళము మేర మాత్రమే కదపగలవారికి వేగము పెంచవలెను. తగ్గించినచో బాణము తెర నడుమనే నిలిచిపోవును. ఒకరికి మందైనది మరొకరికి విషము. చేయి వేగముగా కదలినపుడు బాణమును మరింత దూరము నెట్టు సదుపాయము ఒకటి విండోస్‌లో కలదు. వణకును చేయి కదలికగనే భావించి అది పెంచగలదు గనుక అట్టివారికి దానిని తీసివేసి చూడవలెను. రెండుమారులు నొక్కుటకు మధ్య అనుమతించు వ్యవధిని కూడ పెంచవలెను. ఇవన్నియు సరిచేయుటకు ముందు బల్ల ఎత్తు, మోచేతి ఆనిక చూడవలెనని వేరుగ చెప్పనక్కరలేదు. చేయి గాలిలో వ్రేలాడుచుండగా ఏ సంఖ్య మార్చినను ఫలము లేదు.

వణకును జల్లెడ పట్టు పని ఈ మౌసు తలపెట్టలేదు. 2005లోనే ఐ.బి.ఎం. సంస్థ మౌసునకును కంప్యూటరునకును నడుమ ఉంచదగిన ఒక చిన్న పెట్టెను రూపొందించెను. పార్కిన్సన్ వ్యాధిలో విశ్రాంతిగా నున్న చేయి సెకనుకు ఇంచుమించు 4 నుండి 6 మారులు అదురును; మనసార చేయు కదలిక సామాన్యముగా ఇంతకంటె నెమ్మదిగా సాగును. ఈ భేదమును ఆధారము చేసికొని అదురును తీసివేసి తక్కినదానిని పంపవచ్చును. పదునేడేండ్ల తరువాత వచ్చిన సాధనము ఆకారమును మార్చి, ఈ మార్గమును విడిచిపెట్టుట విచారకరము.

మౌసునే పట్టలేనివారికై ఇదే వరుసలో ఒక హబ్, దానికి తీగ లేకుండ అమరు నాలుగు మీటలవరకు కలవు. హబ్‌కు 3.5 మిల్లీమీటర్ల రంధ్రములుండుట తెలివైన నిర్ణయము. తలతోనో, గడ్డముతోనో, పాదముతోనో నొక్కు పాత స్విచ్చులు పారవేయనక్కరలేదు. కాని ఖర్చును లెక్కించి చూడవలెను. విడుదలనాడు అమెరికాలో మౌసు వెల సుమారు 45 డాలర్లు, తోక 15, హబ్ 60, ఒక్కొక్క మీట 40. చేయి కొంత ఆడువారికి 60 డాలర్లతో పని తీరును. చేయి బొత్తిగా ఆడక నాలుగు మీటలు కోరువారికి 220 అగును. ముక్కలుగ అమ్ముట స్వేచ్ఛయే. లోటు ఎక్కువైనకొలది వెల పెరుగుట మాత్రము ఆ స్వేచ్ఛకు చెల్లించు సుంకము.

కొనుటకు ముందు ఖర్చు లేని ఉపాయమును ప్రయత్నింపవచ్చును. విండోస్‌లో మౌస్ కీస్ అను ఏర్పాటుచే సంఖ్యల మీటలతో బాణమును నడపవచ్చును; 5 నొక్కినచో మౌసు మీట నొక్కినట్లే. దానిని తెరచుటకు నిర్ణయించిన పద్ధతి ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్‌లాక్ అను మూడింటిని ఒకేమారు నొక్కుట. నమ్‌లాక్ కీబోర్డు కుడికొసన, తక్కిన రెండును ఎడమకొసన ఉండును. ఒక్క చేయి గలవారు ఆ దారి విడిచి, విండోస్ మీటను యు అక్షరముతో కలిపి నొక్కి సౌలభ్యముల పుటను తెరచి, అందుండి దానిని ఎన్నుకొనుట సులభము.