మాలపల్లిలో బడి, భూమి

సమానత్వం గురించి మాట్లాడే రాజకీయ పక్షాలను స్థూలంగా రెండుగా చూడవచ్చు. బడి తలుపులు, ఉద్యోగ ద్వారాలు అందరికీ సమానంగా తెరిస్తే చాలు, ఆపైన ఎవరి కష్టానికి తగిన ఫలం వారిదే అంటుంది ఒక పక్షం. భూమీ సంపదా కొందరి చేతుల్లోనే ఉన్నంతకాలం తెరిచిన తలుపు పేరుకు మాత్రమే అంటుంది రెండో పక్షం. ఉన్నవ లక్ష్మీనారాయణ రాయవేలూరు జైలులో రాసిన ‘మాలపల్లి’ (1922) ఈ తగాదాను ఒకే కుటుంబంలో పెట్టి చూపింది. ఈ నవలను అస్పృశ్యతా నివారణ నవలగా, గాంధేయ నవలగా చదవడం పరిపాటి. అంతటితో ఆగితే దీనిలోని ఆర్థిక వాదం మరుగున పడుతుందని మా అభిప్రాయం.

రామదాసు భక్తుడు, వేదాంతి. కష్టాన్ని ఓర్చుకోవడమే ఆయన మార్గం. కొడుకు సంగదాసు చౌదరయ్య ఇంట పాలేరు. అయినా చదువు మీద ఆసక్తి గలవాడు, చౌదరయ్య కొడుకు రామానాయుడికి స్నేహితుడు. ఆ రోజుల్లో ఒక మాల యువకుడికి దొరకడం అరుదైన అవకాశం అది. కాని కూలి విషయంలో కూలీల పక్షాన నిలిచినప్పుడు చౌదరయ్య దెబ్బకే ప్రాణం విడుస్తాడు. స్నేహం వల్ల తెరుచుకున్న తలుపు కూలి మాట ఎత్తగానే మూసుకుపోయింది. మరో కొడుకు వెంకటదాసు ఉన్నవారి సొమ్ము దోచి లేనివారికి పంచే దారి పడతాడు. ఆ కన్నాలను ధర్మకన్నాలన్నాడు రచయిత. ఆ మాటలోనే ఆయన మనసు తెలుస్తుంది. రష్యా విప్లవం జరిగి అప్పటికి అయిదేళ్ళే అయిందన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

వాదనలో వెంకటదాసుకు బలమిచ్చిన రచయిత కథలో మాత్రం అతనికి జైలే ఇచ్చాడు. నిలిచినది సంగదాసు పేర వెలసిన విద్యాసంస్థ, సంగపీఠం. మొదటి పక్షం వారు దీన్ని తమకు సాక్ష్యంగా చూపవచ్చు. పంచిన దోపిడి సొమ్ము నాలుగు పూటలకు సరి, బడి తరాలకు నిలుస్తుంది అనవచ్చు. ఆ మాట తోసిపుచ్చదగినది కాదు. అయితే ఆ పీఠం వెనుక ఉన్నది భూస్వామి కొడుకు హృదయ పరివర్తన. రామానాయుడు మంచివాడు కాకపోయి ఉంటే? ఈ ప్రశ్నకు నవలలో సమాధానం లేదు. హక్కుగా రావలసినది దానంగా వచ్చింది. నవలలోని ప్రధాన లోపం ఇదేనని మేము భావిస్తున్నాము. కాని వెంకటదాసును దొంగగా చూపినా దుర్మార్గుడిగా చూపకపోవడం వల్ల అతని ప్రశ్న మిగిలే ఉంది.

ఆ ప్రశ్న రాజ్యాంగంలోనూ మిగిలింది. ప్రభుత్వోద్యోగాల్లో సమానావకాశం 16వ అధికరణం కింద ప్రాథమిక హక్కు. దానికోసం కోర్టుకు వెళ్ళవచ్చు. సంపద ఒకచోట పోగుపడకూడదనే 39వ అధికరణం ఆదేశసూత్రం మాత్రమే. రాజకీయంలో సమానత్వం, సాంఘికార్థిక జీవితంలో అసమానత్వం ఉండే వైరుధ్యం గురించి అంబేద్కరు 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించినది అందుకే.

ఈ చర్చ మనకు దూరపుది కాదు. తమిళనాడులో తెలుగు ఇంటి భాషగా గల కుటుంబాలు ఎన్నో ఉన్న అరుంధతీయులకు 2009లో షెడ్యూల్డు కులాల కోటాలో 3 శాతం ప్రత్యేకించారు. ఇటువంటి వర్గీకరణ చెల్లుతుందని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వెనుకబడినవారిలోనూ మరింత వెనుకబడినవారికి తలుపు తెరవడం న్యాయమే. అయితే ఆ తలుపు దాకా నడిచి రావడానికి కావలసిన కూలి, నేల, ఇల్లు ఎవరివ్వాలి? ‘మాలపల్లి’ చదివే విద్యార్థులు సంగపీఠం గొప్పతనాన్ని మెచ్చుకోవాలి. అది ఎవరి సొమ్ముతో లేచిందో, ఆ సొమ్ము ఎవరి రెక్కల కష్టమో కూడా అడిగి చదవాలి.