వెన్న తిన్న బుగ్గలు

మొన్న మా తమ్ముడి గృహప్రవేశంలో ఒక బహుమతి నాకు చిరాకు తెప్పించింది. తంజావూరు చిత్రం. వెన్నకుండ పక్కన బాలకృష్ణుడు. బూరెల్లాంటి బుగ్గలు, మడతలు పడ్డ చేతులు, ఒంటినిండా రాళ్ల నగలు. "ఎంత ముద్దొస్తున్నాడో!" అని అందరూ చుట్టూ మూగారు. నేను వాడి మోకాళ్లకేసి చూశాను. మట్టి లేదు.

ఈ కాలమ్ మొదటినుంచీ చదివేవారికి నా పట్టు తెలుసు. బొమ్మలో పిల్లాడికి మోకాలిమీద మట్టి, ముక్కుకింద చార ఉండాలంటాను. పోతన కృష్ణుడు మన్ను తిని తల్లికి దొరికిపోయాడు. ఈ పలకమీది కృష్ణుడికి గోటి సందున కూడా మన్ను లేదు.

అయినా ఆ పనంటే నాకు గౌరవం. ఏళ్లకిందట తంజావూరులో ఒక చిత్రకారుడి పక్కన పూటంతా కూర్చున్నాను. పనసపలకకు గుడ్డ అంటించి, సుద్దపొడీ జిగురూ కలిపి పూసి, ఆరాక నున్నగా రుద్దాడు. నగలూ తోరణాలూ రావలసినచోట ముద్దను ఉబ్బెత్తుగా దిద్ది, గాజురాళ్లు పొదిగి, బంగారు రేకు అంటించాడు. 1676 నుంచి 1855 దాకా మరాఠా రాజులు ఏలిన తంజావూరులో బాగా వికసించిన పద్ధతి ఇది. దాన్ని చేతబట్టినవారిలో తెలుగు మాట్లాడే రాజు కులపు చిత్రకారుల కుటుంబాలూ ఉన్నాయి. ఇంత బంగారం ఎందుకని అడిగితే, అతను తలుపు మూసి దీపం వెలిగించాడు. చీకట్లో రేకు మిణుకుమంది. పిల్లాడు ఊపిరి తీసుకున్నట్టనిపించింది. పూజగది దీపానికి అమరిన బొమ్మను అన్నాళ్లూ ట్యూబ్‌లైటు కింద చూసి తప్పుపట్టానని అర్థమైంది. బుగ్గల సంగతి మాత్రం అప్పటికీ మింగుడుపడలేదు.

ఎనభై దాటిన మా పెద్దమ్మ మొన్న ఆ చిత్రం దగ్గరకొచ్చింది. అద్దంమీదే బుగ్గ నిమిరి, కణతలకు వేళ్లు ఆనించి మెటికలు విరిచింది. "నా దిష్టే తగిలేట్టున్నాడు నాయనా" అంది. ఆవిడ అయిదుగురిని కన్నది. ఇద్దరు ఏడాది నిండకుండానే పోయారు. పుట్టిన బిడ్డ దక్కుతుందో లేదో తెలియని కాలంలో ఆ బొద్దుతనం తల్లుల మొక్కు. కడుపునిండా తిని, జ్వరం లేకుండా నిద్రలేచిన బిడ్డను కళ్లారా చూసుకోవాలన్న ఆశ. దాన్ని ఇన్నేళ్లూ నేను ఉత్త తీపి అనుకున్నాను.

మట్టి కావాలన్న పట్టు వదలను, మిగతా బొమ్మలన్నిటినీ అడుగుతాను. ఈ పలకను అడగను.

మేకు ఎక్కడ కొట్టమంటావని తమ్ముడు అడిగాడు. పెద్దమ్మ తన చెయ్యి అందే ఎత్తు చూపించింది.