ముందు వేడి, తర్వాత గ్యాపు, చివర లోహం

టర్బో కారున్నవాళ్లు స్పేర్‌పార్ట్స్ దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న “ఇరిడియం ప్లగ్గులున్నాయా?” మూడో నాలుగో పెట్టెలు కౌంటర్ మీదికొస్తాయి. ధర దగ్గర కాసేపు బేరం నడుస్తుంది, బిల్లవుతుంది. లోహం గురించి మాట్లాడారు, డబ్బు గురించి మాట్లాడారు. ఆ ఇంజన్‌లో ఎంత వేడి పుడుతుందో, దాన్ని ఆ ప్లగ్గు ఎంత త్వరగా బయటికి పంపగలదో మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎంపిక మొదలవ్వాల్సింది అక్కడే.

ఒకప్పుడు ఇది కొద్దిమంది పందెం బళ్లవాళ్ల సంగతి. 2013లో పోలో జీటీ టీఎస్ఐ, 2017లో బలెనో ఆర్ఎస్, 2019లో వెన్యూ లాంటి టర్బో కార్లు వచ్చాక ఇంటి ముందు నిలిపే బండికీ వర్తిస్తోంది. వెన్యూలోని 998 సీసీ టర్బో ఇంజన్ 120 పీఎస్ ఇస్తే, అదే బండికి పెట్టిన 1.2 లీటర్ల మామూలు పెట్రోల్ ఇంజన్ ఇచ్చింది 83 పీఎస్. చిన్న గదిలో అంత బలం పుట్టిస్తే ఆ సెగ ముందుగా తగిలేది ప్లగ్గు కొనకే.

ఆ కొన సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద చేరిన మసి దానంతటదే కాలిపోతుంది. 850 దాటి ఇంకా పైకి పోతే అదే నిప్పుకణికై, స్పార్క్ రాకముందే పెట్రోల్ మిశ్రమాన్ని అంటిస్తుంది. దీన్నే ప్రీ-ఇగ్నిషన్ అంటారు. పిస్టన్‌కు చిల్లి పడేదాకా తీసుకెళ్లగల జబ్బిది. ప్లగ్గు ఎప్పుడూ ఈ రెండు హద్దుల మధ్యే ఉండాలి. లోపలి పింగాణీ ముక్కు పొడుగ్గా ఉంటే వేడి నెమ్మదిగా బయటికి పోతుంది, అది ‘హాట్’ ప్లగ్గు. పొట్టిగా ఉంటే వేడి త్వరగా సిలిండర్ హెడ్‌లోకి దిగుతుంది, అది ‘కోల్డ్’.

పెట్టె మీది అంకె చెప్పేది ఈ గుణాన్నే, అంటే హీట్ రేంజ్‌నే. ఎన్‌జీకే, డెన్సోలలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు కోల్డ్ అవుతుంది. బాష్‌లో సరిగ్గా తలకిందులు. ఎన్‌జీకే 6కు దాదాపు సమానమైనది డెన్సోలో 20, ఎన్‌జీకే 7కు 22. కంపెనీ మార్చేటప్పుడు అంకెను చూసి కాదు, సరిపోల్చే పట్టికను చూసి తీసుకోవాలి.

కారు కంపెనీ ఇచ్చిన ట్యూనింగ్‌తోనే తిరిగే బండికి ఆ కంపెనీ చెప్పిన హీట్ రేంజే సరైనది. రీమ్యాప్ చేయించి బూస్ట్ పెంచితే ఒక మెట్టు కోల్డ్‌కు వెళ్లడం సబబు. ఇంజన్ బలం 75 నుంచి 100 గుర్రాలు పెరిగితే ఒక మెట్టు అన్నది ఎన్‌జీకే చెప్పే స్థూలమైన లెక్క. “టర్బో కదా, ఎంత కోల్డ్ అయితే అంత మంచిది” అని రెండు మూడు మెట్లు దిగమనే సలహా మాత్రం ప్రమాదం. సిటీ ట్రాఫిక్‌లో పాకే బండిలో ఆ ప్లగ్గు 450 డిగ్రీలకు చేరుకోదు. మసి పట్టి, పొద్దున్నే స్టార్టింగ్‌లో సతాయిస్తుంది.

రెండోది గ్యాపు, అంటే స్పార్క్ దూకాల్సిన దూరం. వాయువు పీడనం పెరిగేకొద్దీ, దూరం పెరిగేకొద్దీ స్పార్క్ దూకడానికి ఎక్కువ వోల్టేజీ కావాలని జర్మన్ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ పాషెన్ 1889లోనే చూపించాడు. టర్బో చేసేదల్లా ఆ పీడనాన్ని పెంచడమే. అందుకే మామూలు ఇంజన్‌లో 1.1 మిల్లీమీటర్ల గ్యాపు నడిచినా, చాలా టర్బో ఇంజన్లు 0.7, 0.8 దగ్గర అడుగుతాయి. ఎన్‌జీకే పార్ట్ నంబర్ చివర ‘-11’ అని ఉంటే గ్యాపు 1.1 అని అర్థం. ఓవర్‌టేక్ కోసం యాక్సిలరేటర్ తొక్కగానే బండి కుదుపులిస్తే కాయిల్ పోయిందని మార్చేసే ముందు, అరిగి వెడల్పయిన గ్యాపును కొలవాలి. కొత్త ప్లగ్గునూ కొలిచాకే బిగించాలి. కొలిచేది తీగ గేజితో, సన్నని మధ్య కొనకు ఒత్తిడి తగలకుండా.

లోహం వంతు ఆ తర్వాతే. నికెల్ 1455 డిగ్రీల దగ్గర, ప్లాటినం 1768 దగ్గర, ఇరిడియం 2446 దగ్గర కరుగుతాయి. అంత గట్టిది కాబట్టే ఇరిడియం కొనను 0.4, 0.6 మిల్లీమీటర్ల సన్నగా చేసినా నిలుస్తుంది. కొన సన్నబడితే స్పార్క్‌కు తక్కువ వోల్టేజీ చాలు, లోహం గట్టిది కాబట్టి అరుగుదలా తక్కువ. అంతవరకు ఆ ధరకు న్యాయముంది. హీట్ రేంజ్ తప్పిన ఇరిడియం కంటే హీట్ రేంజ్ కుదిరిన నికెల్ మేలు, కాకపోతే త్వరగా మార్చుకోవాలి.

పాత ప్లగ్గులు ఇంజన్ చల్లారాక తీసి, సిలిండర్ల వరసలోనే పేర్చుకోవాలి. లేత గోధుమ, బూడిద రంగులో ఉంటే ఎంపిక కుదిరినట్టే. నల్లటి పొడి మసి ఉంటే కోల్డ్ ఎక్కువైందేమో, పెట్రోల్ ఎక్కువ పోతోందేమో చూడాలి. పింగాణీ తెల్లగా మారి బొబ్బలెక్కినా, అల్యూమినియం చుక్కలు అంటినా రీమ్యాప్ చేసినవారి దగ్గరికి తీసుకెళ్లేదాకా ఆ బండిని పరిగెత్తించకూడదు. మిగతా ప్లగ్గులన్నీ బాగుండి ఒక్కటే తేడాగా ఉంటే, ఆ సిలిండర్ ఇంజెక్టర్‌నో కాయిల్‌నో పరీక్షించాకే కొత్త ప్లగ్గు వేయాలి.