ఎవే రైతు లెక్క

ఆఫ్రికాకి సేద్యం ఎవరో నేర్పాలనే అపోహ మనలోనూ ఉంది. స్వెన్ బెకర్ట్ ‘ఎంపైర్ ఆఫ్ కాటన్’ (2014)లోని టోగో కథ దానికి గట్టి జవాబు.

1901లో జర్మన్లు తమ వలస టోగోకి, అమెరికాలోని టస్కెగీ విద్యాసంస్థ నుంచి నల్లజాతి నిపుణుల్ని రప్పించారు, పత్తిసాగు నేర్పమని. అక్కడి ఎవే రైతులు అప్పటికే మొక్కజొన్నతో కలిపి పత్తి వేసుకుంటున్నారు, బట్ట నేస్తున్నారు. నిపుణులు నాగళ్ళకి కట్టిన పశువులు రోగాలొచ్చి చచ్చిపోయాయి. పత్తి ఒక్కటే నమ్ముకోడానికి రైతులు ఇష్టపడలేదు. చివరికి బలవంతమే గతైంది.

గుంటూరు, ప్రకాశం వాళ్ళకి ఇది దూరపు కథలా అనిపించదు. పత్తిలో కంది సాళ్ళు వేసేది మనమూ అందుకే, ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుందని. 1980లలో ఎటు చూసినా పత్తే అయింది. మందులు కొట్టేకొద్దీ తెల్లదోమ పెరిగింది, అప్పులు మిగిలాయి.

బెకర్ట్‌తో నా పేచీ ఒక్కటే. పెట్టుబడి, ప్రభుత్వం ఎలా ఆలోచించాయో చెప్పినంత ఓపిగ్గా ఎవే రైతు లెక్క చెప్పడు. మేం సాఫ్ట్‌వేర్‌లో బ్యాకప్ అని పేరుపెట్టుకున్నది ఆ రైతు పొలంలోనే ఉంచుకున్నాడు. ఇన్నొవేషన్ అనే మాట అతనికీ చెల్లుతుంది. ఆ లోటున్నా, పత్తి పండించే ఊళ్ళవాళ్ళు చదవాల్సిన పుస్తకం.