గెలిచిన ఊరు మొక్కే ఆడపడుచు

2018లో అమెరికన్ రచయిత్రి మేడలిన్ మిల్లర్ ‘సర్సీ’ అనే నవల రాసింది. హోమర్ ‘ఒడిస్సీ’లో మనుషుల్ని పందులుగా మార్చేసి, ఒక్క మజిలీలో కనబడి వెళ్లిపోయే గ్రీకు దేవత సర్సీ. ఆమెకి మిల్లర్ బాల్యం, పంతం, ఒంటరితనం అల్లి, కథంతా ఆమె నోటే చెప్పించింది. అది చదివి అబ్బురపడ్డవాళ్లు ఒకసారి విజయనగరంలో మూడు లాంతర్ల కూడలికి రావాలి. దేవతకి గతం అల్లే విద్య ఇక్కడ పాతదే.

1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల అండతో విజయనగరం రాజు పూసపాటి విజయరామరాజు బొబ్బిలి కోటని కూల్చాడు. కొద్దిరోజుల్లోనే బొబ్బిలి వాళ్లు గుడారంలో దూరి ఆయన్ని పొడిచి చంపారు. ఇంతవరకూ చరిత్ర. మిగతాది కథకుల చేతిపని. రాజుగారి చెల్లెలు పైడిమాంబ యుద్ధం వద్దంది. అన్న వినలేదు. అప్పటికి ఆమెకి మశూచి. అన్నకి కీడు జరగబోతోందని మనసుకి తోచి, పతివాడ అప్పలనాయుడనే మనిషిని వెంటబెట్టుకుని బయల్దేరింది. దారిలోనే చావు కబురు. కుప్పకూలి, పెద్దచెరువు పడమటి గట్టున తన విగ్రహం దొరుకుతుందని చెప్పి కన్నుమూసింది.

ఇందులో పనితనం చూడండి. రాజకుమార్తె ఉన్నట్టుండి దేవత అయిపోయిందంటే ఎవరు నమ్ముతారు? అందుకే మశూచి. మన ఊళ్లలో ఆ జబ్బుని ‘అమ్మవారు పోసింది’ అనేవారు కదా! అంటే దారి పట్టేనాటికే అమ్మవారు ఆమె ఒంటి మీద ఉంది. అప్పలనాయుడు లేకపోతే చివరి మాట ఊరికి చేరేదే కాదు. ఇక చెరువు ఊళ్లోనే ఉంది, అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి చూసుకోవచ్చు.

నాకు అసలు ముచ్చట గొలిపేది ఇంకొకటి. ఓడిన బొబ్బిలికి బుర్రకథ దక్కింది, 1964లో సినిమా దక్కింది, పిల్లలకి కూడా రాజుని చంపిన తాండ్ర పాపారాయుడే వీరుడు. గెలిచిన విజయనగరానికి మిగిలింది అపకీర్తి. ఆ ఊరు తన రాజుకి వీరగాథ కట్టుకోలేదు. యుద్ధం వద్దన్న ఆడపిల్లని తెచ్చి అమ్మవారిగా గుళ్లో పెట్టుకుంది. ఇంతకన్నా తెలివైన తిరగరాత నేను చదవలేదు.

కథ అక్కడితో ఆగలేదు. దసరా వెళ్లాక వచ్చే మంగళవారం ఆ అమ్మవారికి సిరిమాను ఉత్సవం. అమ్మ పూజారి కలలో కనబడి చెప్పిన చింతమానుని కొట్టి తెస్తారు. 50 అడుగులకు పైబడిన ఆ మాను కొసన పూజారే అమ్మవారై కూర్చుంటాడు. కింద జనం అరటిపళ్లు విసురుతుంటారు. మాను ముందు పాలధార, తెల్ల ఏనుగు, అంజలి రథం, బెస్తల వల సాగుతాయి. అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మాను మూడుసార్లు వెళ్లి వస్తుంది. పూసపాటి వారు కోట బురుజు మీద కూర్చుని చూస్తారు. అన్న దగ్గరికి చేరలేకపోయిన చెల్లెలు ఏటా పుట్టింటి గుమ్మం దాకా వస్తోందని నాకు అనిపిస్తుంది. కథలో లేని వాక్యాన్ని మాను రాస్తోంది.

చూడదలిస్తే ముందురోజు జరిగే తొలేళ్ల ఉత్సవానికే చేరుకోండి. మంగళవారం మధ్యాహ్నానికి మూడు లాంతర్ల దగ్గర కాలు పెట్టే చోటుండదు.